ఏ గల్లీకీ చెందనివాడు

బొంబాయిలో పార్సీవాళ్ళను అందరూ బావా అంటారు. మర్యాదకైనా వెటకారానికైనా అదే మాట. మా నమక్ బందర్ బస్తీలో మిగతా గల్లీలవాళ్ళకు దీనితో ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా మా పాలమూరు గల్లీ ఆడవాళ్ళకే వచ్చింది. తెల్లగా, పొడుగ్గా, చిలకముక్కు వేసుకుని వచ్చిన పరాయి మగవాణ్ణి పట్టుకుని నోరారా బావా అని ఎలా పిలుస్తాం? మా ఆయన ఆశన్న మేస్త్రీ అయితే మొదటిరోజే తాపీ కిందపెట్టి, "ఎవనికే బావ?" అని అడిగాడు. అందుకని మేం అతన్ని పేరుతోనే పిలిచాం. పేరు మర్జబాన్ ఘడియాలీ. ఇంట్లో మర్జీ అంటారట. మేమూ అదే పట్టుకున్నాం. అంతా తన మర్జీ ప్రకారం నడిచే మనిషికి అంతకన్నా మంచి పేరు దొరకదు.

నేను బుచ్చమ్మను. పుట్టింది కామాఠీపురాలో, చదివింది మున్సిపాలిటీ తెలుగు బడిలో ఏడో తరగతి దాకా, పెళ్ళయి వచ్చింది వడాలా ఉప్పుమడుల పక్కనున్న ఈ బస్తీకి. గల్లీ మొగలో కుట్టుమిషను వేసుకుని జాకెట్లు కుడతాను. లోపలికి ఎవరొచ్చినా నన్ను దాటే రావాలి. ఎనభై ఆరులో, వానలు వెనకపట్టిన రోజుల్లో, పాత లాంబ్రెట్టా స్కూటరుకు నల్లబల్ల కట్టుకుని అతను వచ్చినప్పుడు మొదట చూసింది నేనే.

"ఎవరిల్లు కావాలి బాబూ?" అన్నాను.

"ఎవరిల్లూ కాదు. మీ అందరికీ ఇంగ్లీషు నేర్పుదామని వచ్చా."

"మేమేం తప్పు చేశాం?"

అతను నవ్వలేదు. నా ప్రశ్న గురించి నిజంగానే ఆలోచించాడు. మనిషి అమాయకుడని అప్పుడే తెలిసిపోయింది.

ఇంగ్లీషు తరగతికి ఒక్కడే చేరాడు. భీకూ అని, గోదాము వాచ్‌మన్. తన సూపర్‌వైజరును ఇంగ్లీషులో తిట్టాలని వాడికి పదేళ్ళుగా కోరిక. మూడు వారాల్లో నేర్చుకున్నాడు, నాలుగో వారం తిట్టాడు, ఐదో వారానికి ఉద్యోగం పోయింది. అయినా వచ్చి మర్జీ కాళ్ళకు దణ్ణం పెట్టి, "గురూజీ, వాడి మొహం చూడాల్సింది" అన్నాడు.

తరవాత కొవ్వొత్తుల తయారీ పెట్టించాడు. ఏప్రిల్ ఎండకు రేకుల గుడిసెలో నూట యాభై కొవ్వొత్తులు కరిగి ఒకే కొవ్వొత్తి అయ్యాయి. తరవాత హోమియోపతి. తెల్లమాత్రల పెట్టె తెచ్చి నా మిషను పక్కనే బల్ల వేసుకున్నాడు. పిల్లలు ఒక మధ్యాహ్నం పెట్టెలోని మాత్రలన్నీ పంచదార బిళ్ళల్లా నమిలేశారు. మేం గుండెలు బాదుకుంటూ పరిగెత్తాం. ఒక్కడికీ ఏమీ కాలేదు.

"చూశావా, ఎంత సురక్షితమైన వైద్యమో!" అన్నాడు మర్జీ.

"రోగానికి కూడా సురక్షితమే లాగుంది" అన్నాను.

ఇరవై ఎనిమిదేళ్ళవాడు. లా కాలేజీలో రెండేళ్ళు చదివి మానేశాడు. ఓడలో ఉద్యోగం దొరికితే కొచ్చిన్ దాకా వాంతులు చేసుకుంటూ వెళ్ళి, రైల్లో తిరిగొచ్చాడు. బ్యాంకులో నలభై రోజులు. పూనా దగ్గర ఏదో ఆశ్రమంలో ఆర్నెల్లు ఉండి, మోక్షం బదులు తలనిండా పేలు తెచ్చుకున్నాడు. దాదర్ పార్సీ కాలనీలో తాతలనాటి ఇల్లు, తాతలనాటి అద్దె. తండ్రి లేడు, తల్లి ఉంది, కూర్చుని తినేందుకు తిండి ఉంది. కడుపు నిండినవాడికి పని దొరకడం ఎంత కష్టమో అతన్ని చూశాకే నాకు తెలిసింది.

ఒకసారి అడిగేశాను. "నిజం చెప్పు మర్జీ. మా దగ్గరికి ఎందుకొస్తావు? నీకు సినిమాల్లేవా, స్నేహితుల్లేరా?"

మాత్రల పెట్టె మూస్తూ తెరుస్తూ చెప్పాడు. "అక్కా, మావాళ్ళలో ఎవరైనా పోతే నాలుగు రోజులు ప్రార్థనలు. వచ్చినవాళ్ళంతా కూర్చుని పోయినవాడు ఏం చేశాడో చెప్పుకుంటారు. ఈయన ఆసుపత్రి కట్టాడు, ఆయన పియానో వాయించాడు అని. పోయిన ఏడు మా జాల్ మామ పోయాడు. నాలుగు రోజులూ ఒక్కటే మాట. 'పాపం, గుడ్లంటే ఇష్టం' అన్నారు. నాకు భయమేసింది. నాకు గుడ్లు కూడా అంత ఇష్టం లేదు."

టీ తెప్పించాను.

ఇక సండాసు సంగతి, అదే మరుగుదొడ్డి సంగతి చెప్పాలి. సిగ్గుపడితే ఈ కథ నడవదు.

బస్తీలో రెండువేల మందిమి. ఎన్నికల ముందు కార్పొరేటరు ఆరు తలుపుల సండాసు కట్టించి, రిబ్బను కోసి, ఫోటో దిగి పోయాడు. తాళంచెవి ఎవరి దగ్గరుండాలో మాత్రం చెప్పలేదు. సతారా గల్లీవాళ్ళ దగ్గరుంటే మసీదు గల్లీవాళ్ళకు తలుపు తెరుచుకోదు. మసీదు గల్లీవాళ్ళ చేతికొస్తే మా పాలమూరువాళ్ళం మధ్యాహ్నం దాకా బిగబట్టుకోవాలి. మా చేతికొచ్చిన వారం మేమూ తక్కువ తినలేదు, ఉన్నమాట ఒప్పుకోవాలి. మూడు నెలల్లో నాలుగు తాళాలు పగిలాయి, రెండు తలలు పగిలాయి. చివరికి ఎవరికీ వద్దని తలుపుకు మేకులు కొట్టేశారు.

మగవాళ్ళకు రైలుపట్టాలున్నాయి. మాకు మాత్రం ఉప్పుమడుల అవతల మడచెట్ల చాటే గతి. తెల్లవారకముందే నలుగురం కలిసి డబ్బాలు పట్టుకుని బురదలో నడిచేవాళ్ళం. పోటు వస్తే మోకాటి లోతు నీళ్ళు. పాములుండేవి, పాములకన్నా తాగుబోతుల భయం ఎక్కువ. పొద్దుగూకాక నేను గుక్కెడు నీళ్ళు తాగేదాన్ని కాదు. ఏడు నెలల కడుపుతో ఉన్నప్పుడు ఆ బురదలో జారి పడ్డాను. బిడ్డ దక్కలేదు. ఆ మాట ఎక్కువ చెప్పను.

మళ్ళీ వానలు రాబోతుంటే మసీదు గల్లీ హాజ్రా నానీ పంచాయితీ పెట్టించింది. డెబ్భై ఏళ్ళ మంత్రసాని. బస్తీలో సగంమంది ఆమె చేతిలోకే పుట్టారు. అందుకని ఎంత రౌడీ అయినా ఆమె ముందు గొంతు తగ్గించేవాడు. సతారా గల్లీ తరఫున దగ్డూ సావంత్ వచ్చాడు, మెడలో పులిగోరు, నోట్లో తంబాకు. గంటసేపు అరుచుకున్నారు. మర్జీ ఆ పక్కనే బల్ల దగ్గర ఎవరో ముసలాయనకు మాత్రలు లెక్కపెట్టి ఇస్తున్నాడు.

"ఏ గల్లీవాడికి తాళంచెవి ఇచ్చినా మిగతా గల్లీలు ఒప్పుకోవు" అంది నానీ విసిగిపోయి. "ఏ గల్లీకీ చెందనివాడు కావాలి. అలాంటివాణ్ణి ఎక్కడినుంచి తెస్తాం, ఆకాశం నుంచా?"

అంటూనే ఆమె చూపు పక్కకు తిరిగింది. ఆమె వెనకే అందరి చూపులూ తిరిగాయి.

"వీడు హిందువు కాదు" అన్నాడు దగ్డూ.

"ముసల్మానూ కాదు" అంది నానీ.

"తెలుగూ కాదు" అన్నాడు మా ఆయన.

"ఇక్కడ ఓటు లేదు, ఇల్లు లేదు."

"పెళ్ళాం లేదు. పని అసలే లేదు."

మర్జీ తలెత్తి, "ఏమిటి, ఏమిటి?" అన్నాడు.

"బేటా, బస్తీకి సేవ చేస్తానంటూ ఏడాదిగా మా ప్రాణాలు తోడేస్తున్నావు కదా" అంది నానీ. "ఇదిగో, దొరికింది."

సంగతి అర్థమయ్యేసరికి అతని మొహం ఎర్రబడి, తరవాత పాలిపోయింది. "నేను మిమ్మల్ని పైకి తీసుకురావాలని వచ్చాను నానీ..."

"తెద్దువుగాని. ముందు కిందిది కానియ్యి నాయనా."

ఒక రోజంతా కనిపించలేదు. ఇక రాడనుకున్నాం. మూడోరోజు తెల్లవారుజామున అయిదింటికి స్కూటరు చప్పుడైంది. మూతికి కొలోన్ సెంటు చల్లిన రుమాలు కట్టుకుని, చేతిలో సుత్తీ, కొత్త తాళమూ పట్టుకుని దిగాడు. మేకులు తనే ఊడబెరికాడు.

లైను ఒక్కటే అన్నాడు. ఆడవాళ్ళకు మూడు తలుపులు, మగవాళ్ళకు మూడు. గల్లీలు లేవు, ముందొచ్చినవాళ్ళు ముందు, వంతు వచ్చినవాళ్ళకు బయటి తలుపు తాళం తనే తీస్తాడు. మనిషికి అయిదు నిమిషాలు. కడుపుతో ఉన్నవాళ్ళకూ, పసిపిల్లలకూ, విరేచనాలవాళ్ళకూ మినహాయింపు, కానీ విరేచనాలని ప్రమాణం చేసి చెప్పాలి. మొదటివారం సగం బస్తీకి విరేచనాలు పట్టుకున్నాయి. అప్పుడు ఒక సీసా తెచ్చి, ప్రమాణం చేసిన ప్రతివాడి నోట్లో చేదు కషాయం ఒక మూత పోయడం మొదలెట్టాడు. రెండురోజుల్లో అందరి కడుపులూ బాగుపడ్డాయి.

పార్సీల హిందీకి వరసావావీ ఉండదు. మేకను మీరు అంటాడు, దాదాను నువ్వు అంటాడు. ఆ నువ్వు మీదే అసలు పరీక్ష వచ్చింది. ఒక సోమవారం ఉదయం దగ్డూ సావంత్ డబ్బా ఊపుకుంటూ వచ్చి, లైను పక్కనుంచి నేరుగా తలుపు దగ్గరికి నడిచాడు. ముందురోజు వాళ్ళ మండలిలో కోడికూర విందు జరిగింది. ఆ విందు ఇంకా ముగిసినట్టు లేదు, మనిషి చెమటలు కక్కుతున్నాడు.

"దగ్డూ, లైను అటుంది" అన్నాడు మర్జీ.

"తప్పుకో. నేనెవరో తెలుసా?"

"తెలుసు. పంతొమ్మిదో నెంబరు."

దగ్డూ పిడికిలి ఎత్తాడు.

"కొట్టు" అన్నాడు మర్జీ. దెబ్బకు సిద్ధంగా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "కానీ ఆలోచించుకో దగ్డూ. ఇప్పుడు నువ్వు బలమంతా చేతిలోకి తెస్తే, కావలసినచోట బలం ఉండదు."

ఆడవాళ్ళ లైనులో ముందు ఎవరు నవ్వారో తెలియదు. దగ్డూ చెయ్యి గాలిలోనే కాసేపు ఉండి, మెల్లగా దిగింది. కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నడుస్తూ వెళ్ళి పంతొమ్మిదోవాడిగా నిలబడ్డాడు. అతని ముందున్నవాళ్ళు ఆరోజు ఎంత నిదానంగా పని కానిచ్చారో చెప్పలేను. ఒకడు లోపల పాట కూడా ఎత్తుకున్నాడు.

మర్జీని ఆ సాయంత్రం చావగొడతారని అనుకున్నాం. అలా జరగలేదు. మర్నాడు దగ్డూ మనిషి ఒకడు లైను తప్పించబోతే, దగ్డూయే వాడి కాలరు పట్టి వెనక్కి లాగాడు. "నేను నిలబడ్డాన్రా! నువ్వు నాకన్నా పెద్ద మొనగాడివా?" తను పడ్డ బాధ లోకమంతా పడాలని అతని పట్టుదల. దాంతో మర్జీకి జీతం లేని పోలీసు దొరికాడు.

అక్టోబరులో సండాసు కింది ట్యాంకు నిండి పొంగింది. నీళ్ళు గల్లీలోకి వచ్చాయి. మునిసిపాలిటీ లారీ రావాలి, రాదు. ఒక కాంట్రాక్టరు వచ్చి, ఇద్దరు కుర్రాళ్ళను తాడు కట్టి దింపితే పూటలో అయిపోతుందన్నాడు. మేమంతా సరేనన్నాం, వాసన అలా ఉంది. మర్జీ ఒప్పుకోలేదు. అతను అరవడం అప్పుడే చూశాను. "ఇందులోకి మనిషి దిగడు! దిగాలంటే ముందు నువ్వు దిగు!" అని కాంట్రాక్టరును గల్లీ దాటేదాకా తరిమాడు.

మర్నాటినుంచి రోజూ వార్డాఫీసుకు వెళ్ళాడు. లా కాలేజీ చదువు అక్కడ పనికొచ్చింది. ఇంగ్లీషులో అర్జీ రాసేవాడు. అయితే దాన్ని ఇచ్చి ఊరుకోలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు, ఆఫీసులో అందరూ టిఫిను డబ్బాలు విప్పిన సమయం చూసుకుని, హాలు మధ్యలో నిలబడి పైకి చదివేవాడు. తోడు వెళ్ళిన భీకూ మాకు అర్థం చెప్పేవాడు. ట్యాంకులోంచి ఏమేమి వస్తోందో, ఏ రంగులో వస్తోందో, దానిలో ఏమి తేలుతోందో, పేరుపేరునా, కవిత్వంలా చదివేవాడట. మొదటిరోజు గెంటేశారు. రెండోరోజు కిటికీలోంచి చదివాడు. ఆరోరోజుకి ఆఫీసులో సగంమంది భోజనం మానేశారు. తొమ్మిదోరోజు పన్నెండున్నరకల్లా లారీ మా బస్తీలో ఉంది. గొట్టం వేసి అంతా లాగేసింది.

ఆ ఆఫీసులోనే మర్జీవాళ్ళ కాలనీవాళ్ళెవరో అతన్ని గుర్తుపట్టి తల్లి చెవిన వేశారు. అంతదాకా ఆవిడకు కొడుకు ఏదో స్కూలు నడుపుతున్నాడనే తెలుసు.

ఒక ఆదివారం పదింటికి నా మిషను ముందు టాక్సీ ఆగింది. లావుపాటి పెద్దావిడ దిగింది. గులాబీరంగు చీర, జాకెట్టు చేతులకు చేత్తో అల్లిన లేసు. ఆ లేసు చూసి నేను లేచి నిలబడ్డాను.

"మర్జబాన్ ఎక్కడ?" అంది.

"సండాసులో ఉన్నాడమ్మా."

"ఎప్పుడు బయటికొస్తాడు?"

"పన్నెండింటికి."

"పన్నెండింటిదాకానా! దేవుడా, వాడికి ఏం జబ్బు?"

"జబ్బు కాదమ్మా, డ్యూటీ."

అంతే, ఆవిడ నోరు విప్పింది. నేను కామాఠీపురాలో పుట్టినదాన్ని, తిట్లకు కొత్తకాదు. అయినా ఖుర్షీద్‌మాయి, అదే మర్జీ తల్లి, తిడుతుంటే మిషను ఆపి విన్నాను. గుజరాతీ సగమే అర్థమైనా, రాగమంతా అర్థమైంది. అలా తిడుతూనే బురద దాటి సండాసు దాకా నడిచింది.

"చచ్చినోడా! మీ తాత గవర్నరుగారి గడియారం బాగుచేశాడు! పదిమందిలో కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్ళు! నువ్వు దొడ్డి కాపలా కాస్తావా?"

"తాతయ్యా టైమే చూశాడు మమ్మా, నేనూ టైమే చూస్తున్నా. మనిషికి అయిదు నిమిషాలు."

"నవ్వకు! నీ వయసువాళ్ళు ఇద్దరు పిల్లల్ని కన్నారు. రేపు సంబంధం వస్తే ఏం చెప్పను? మా అబ్బాయి ఏ సీటులో కూర్చుంటాడని చెప్పను?"

లైనులో ఆడవాళ్ళు చెంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆవిడ మరో పావుగంట తిట్టింది. ఉన్నట్టుండి తిట్టు మధ్యలోనే ఆగిపోయింది. మొహం మారింది. చక్కెరజబ్బు మనిషి, ఎండలో టాక్సీలో వచ్చి, అరగంటగా నిలబడి తిడుతోంది. కొడుకు దగ్గరికి జరిగి, గొంతు బాగా తగ్గించి, "దీక్రా, నాయనా, ఆ తాళంచెవి ఒకసారి ఇలా ఇయ్యి" అంది.

మర్జీ తల్లిని చూశాడు. లైనును చూశాడు. పదకొండుమంది ఆడవాళ్ళు, ఒకళ్ళ వెనక ఒకళ్ళు, అతన్నే చూస్తున్నారు. తాళంచెవి ఉన్న చెయ్యి జేబులోంచి సగం బయటికొచ్చి ఆగిపోయింది.

"మమ్మా..." అన్నాడు. "లైను."

"ఏమన్నావు?"

"లైను మమ్మా. చివర."

"తొమ్మిది నెలలు మోశాన్రా నిన్ను! ఒక్కరోజు లైనులో నిలబెట్టానా?"

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు, వలపు సిగ్గెరగదు అన్నారు పెద్దలు. నాలుగోదాన్ని ఎందుకు వదిలేశారో, బహుశా వాళ్ళకు పొలాలు దగ్గరగా ఉండేవేమో. ఖుర్షీద్‌మాయి కొడుకును కొట్టడానికి కూడా తీరిక లేని స్థితిలో ఉంది. మర్జీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ చెయ్యి కదల్లేదు.

ముందు హాజ్రా నానీ కదిలింది. ఆమెది రెండో స్థానం. "రా బేటీ, నా చోటులో నిలబడు. నేను చివరికి పోతాను" అంది. డెబ్భై ఏళ్ళ ఆమె నిజంగానే నడుచుకుంటూ చివరికి వెళ్ళి నిలబడింది. ముందున్న సతారా గల్లీ పిల్ల, "నాకంత తొందరేం లేదులే ఆంటీ" అని తనూ వెనక్కి నడిచింది. నేను పరిగెత్తుకెళ్ళి నా నీలం డబ్బా నింపి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. లేసు చేతులతో డబ్బా పట్టుకుని ఆవిడ లోపలికి వెళ్ళింది.

బయటికొచ్చాక చీర సర్దుకుంది. తిట్లు మళ్ళీ మొదలవుతాయని అందరం ఎదురుచూశాం.

"రెండో తలుపు గొళ్ళెం వదులుగా ఉంది" అంది కొడుకుతో. "చూసుకోవాలని తెలియదా?"

తరవాత నా మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, టీ తాగి, టీ బాగాలేదని చెప్పి, నేను కుడుతున్న జాకెట్టు చంక కుట్టు తిప్పి చూసి రెండు జాకెట్ల గుడ్డ పంపిస్తానంది. వెళ్ళేముందు లైను వైపు మరోసారి చూసింది. "ఆ ముసలావిడ ఎవరు?" అని అడిగింది. చెప్పాను. "నా తరఫున సలాం చెప్పు" అని టాక్సీ ఎక్కింది.

రెండేళ్ళు అలా నడిచింది. తరవాతి వానాకాలంలో ఒక ఉదయం మర్జీ రాలేదు. తాళంచెవి అతని దగ్గరే ఉంది. మూసిన తలుపు ముందు జనం అరగంట సేపు, ఎవరి చోట్లో వాళ్ళు, నోరెత్తకుండా నిలబడ్డారు. చివరికి దగ్డూ ముందుకెళ్ళి రాయితో తాళం పగలగొట్టాడు. ఇక తోపులాటే అనుకున్నాను. దగ్డూ రాయి పక్కన పడేసి, చేతులు దులుపుకుని, వెనక్కి నడిచి, తన పద్నాలుగో చోటులో మళ్ళీ నిలబడ్డాడు.

మర్జీకి కామెర్లని రెండురోజులకు కబురొచ్చింది. పదోరోజున నేనూ, హాజ్రా నానీ, దగ్డూ చూడటానికి వెళ్ళాం. దగ్డూ కొబ్బరిబొండాల గెల భుజాన వేసుకున్నాడు. కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్ మమ్మల్ని ఆపాడు. పై నుంచి ఖుర్షీద్‌మాయి వాడి వంశాన్ని ఏడుతరాల దాకా పలకరించింది. గేటు తెరిచాడు.

మర్జీ మంచం మీద, నలుగు పెట్టిన పెళ్ళికొడుకులా పచ్చగా ఉన్నాడు. మమ్మల్ని చూడగానే లేచి కూర్చున్నాడు. "చెప్పండి. ఎన్ని కొట్లాటలయ్యాయి? ఎవరి తల పగిలింది?"

"ఎవరిదీ లేదు" అన్నాడు దగ్డూ.

"లైను?"

"నడుస్తోంది. పొద్దున్న బుచ్చమ్మ, సాయంత్రం మా చెల్లెలు చూసుకుంటున్నారు."

"మరి కొత్త తాళం?"

"వెయ్యలేదు" అన్నాను. "అవసరం పడలేదు మర్జీ."

మేం సంతోషపడతాడనుకుని చెప్పాం. అతని మొహం పడిపోయింది. గోడవైపు తిరిగి పడుకున్నాడు. "అయితే నేను లేకపోయినా..." అన్నాడు.

"ఏం, నువ్వు లేకపోతే మాకు రాదనుకున్నావా?" అంది హాజ్రా నానీ.

మొదట అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని తల్లి పరిగెత్తుకొచ్చింది. నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి డొక్క పట్టుకుని, "అబ్బా, నొప్పి, ఊరుకో నానీ" అన్నాడు. కానీ మేం లేచేటప్పుడు నా వైపు చూసిన చూపులో నవ్వు లేదు. మొదటిసారి నల్లబల్ల కట్టుకుని వచ్చినప్పటి చూపే మళ్ళీ అది.

ఒళ్ళు కుదుటపడ్డాక వచ్చాడు. ఎవరూ పొమ్మనలేదు, చేసేందుకు పనీ లేదు. గొళ్ళాలు బిగించాడు, అవి ముందే బిగువుగా ఉన్నాయి. నా మిషను దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవాడు. "తాపీ పని నేర్పిస్తా, రమ్మను" అన్నాడు మా ఆయన, జాలిపడి. ఆ మాట అనేంత చనువు వచ్చింది ఆశన్నకు.

పదిహేను రోజులు పోయాక గోవండీ వైపు బస్తీ నుంచి ముగ్గురు వెతుక్కుంటూ వచ్చారు, ఇద్దరు ఆడవాళ్ళు, ఒక మగవాడు. వచ్చిన బస్సులో కూడా కొట్లాడుకున్నట్టున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

"ఇక్కడ ఏ పార్టీకీ, ఏ గల్లీకీ చెందని మనిషి ఒకడున్నాడట?" అంది అందులో పెద్దావిడ.

నేను మర్జీని చూపించాను. అతను చేతిలో సూదీ దారంతో వాళ్ళను కిందనుంచి పైదాకా చూశాడు.

"ఎన్ని తలుపులు?" అన్నాడు.

"ఎనిమిది. రెండు విరిగాయి."

"మనుషులు?"

"మూడున్నర వేలు."

"ట్యాంకు ఎప్పుడు తీశారు?"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. మర్జీ సూదిని నా మిషను గుడ్డకు గుచ్చి లేచి, అక్కడికక్కడే వాళ్ళతో వెళ్ళిపోయాడు. నాకు చెప్పనుకూడా లేదు. సాయంత్రం గుర్తొచ్చి ఫోనుబూతు నుంచి చౌరస్తా కిరాణాకు ఫోను చేసి, "అక్కా, చెప్పడం మరిచిపోయా, నేను రేపటినుంచి రాను" అన్నాడు.

ఇప్పుడు అతను ఆరో బస్తీలో ఉన్నాడు. ఒక్కోచోట ఏడాది, ఏడాదిన్నర. అక్కడివాళ్ళు తాళం మానేసిన రోజున రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగి, తరవాత ఇంకోచోటికి పోతాడు. నా దగ్గరికి అతనికన్నా వాళ్ళమ్మే ఎక్కువగా వస్తుంది, జాకెట్లకు. పోయిన నెల వచ్చినప్పుడు గుడ్డ నా ఒళ్ళో పడేసి తల పట్టుకుంది.

"వాణ్ణి పెళ్ళిచూపులకు తీసుకెళ్ళాను బుచ్చమ్మా. ఉద్వాడా వైపు మంచి కుటుంబం. పిల్ల దంతవైద్యురాలు, పేరు మెహెర్‌నాజ్. వాళ్ళు చేప వేయించి పెట్టారు. వీడు చెయ్యి కడుక్కొస్తానని వెళ్ళి ఎంతకీ రాడు. చూద్దుము కదా, చొక్కా చేతులు మడిచి వాళ్ళ సండాసు నీళ్ళతొట్టి మూత తీసి లోపల చెయ్యి పెట్టి ఉన్నాడు. నీళ్ళు కారిపోతున్నాయట! పిల్ల తండ్రి మొహం చూడలేకపోయాను."

"పిల్ల ఏమంది?"

"ఏమంటుంది? పానా అందిస్తోంది."

"అయితే?"

"అయితే ఏమిటి, డిసెంబరులో పెళ్ళి. నాలుగు జాకెట్లు కుట్టు. చేతులు ఈసారి కాస్త వదులుగా ఉంచు."